నాలుగు జీబీల మహాత్మ్యం

పోతిరెడ్డిపాడు తూము గురించి కదిలిస్తే చాలు, కర్నూలు, కడప జిల్లాల్లో ఇంటర్ చదివే పిల్లోడు కూడా అరగంట ఉపన్యాసం ఇస్తాడు. శ్రీశైలంలో 215 టీఎంసీలు నిండినా మనకు దిగేది తూము వెడల్పును బట్టేనంటాడు. పదకొండు వేల చిల్లర క్యూసెక్కుల తూము 44 వేలకు పెరగడానికి ఎంత గొడవైందో, 80 వేలనేసరికి 2020లో తెలంగాణ ఎట్లా లేచిందో లెక్కలతో అప్పజెప్తాడు. ఆ పిల్లోడే గేములకు గ్రాఫిక్స్ కార్డు కొనబోతే మాత్రం నోట వచ్చే ప్రశ్న ఒక్కటే: ‘అన్నా, ఎన్ని జీబీ?’

నాలుగు, అంటాడు అన్న. బేరం ముగిసింది.

ఆ నాలుగు జీబీల ఘనాపాఠి పేరు తరచుగా జీటీ 730. పుట్టింది 2014లో. 2021లో తయారీ కంపెనీయే ఆ తరం చిప్పులకు కొత్త గేముల డ్రైవర్లు ఆపేసింది. పైగా ఒకే పేరు మీద లోపల వేర్వేరు సరుకు. 64 బిట్ల (తూము వెడల్పన్నమాట) డీడీఆర్3 రకంలో మెమరీ నుంచి సెకనుకు పారేది 14.4 జీబీ, జీడీడీఆర్5 రకంలో 40. ఈ రెండోదాన్ని చూపిస్తే ‘రెండు జీబీలేనా?’ అని పెదవి విరుస్తారు మనవాళ్లు. తూము సన్నగా ఉంచి డ్యామ్ ఎత్తు పెంచితే హారతి పట్టే సీమ ఇదొక్కచోటే కనిపిస్తుంది.

ఇంటికి తెచ్చి గేమ్ పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. తప్పు కార్డుది కాదట, మే నెల ఎండదట! 23 వాట్ల కార్డు అది. ఎండకు అలిసిపోయేంత పని ఏనాడూ చేయలేదు.

షాపులనే ఏమనాలి? 2018లో కంపెనీయే జీటీ 1030లో జీడీడీఆర్5 బదులు డీడీఆర్4 పెట్టి ఇంకో రకం దింపింది. 48 ఉన్న పారుదల 16.8కి పడింది, పేరు మారలేదు. తూము మూడో వంతుకు కుదించినా ఒక్క ధర్నా జరగలేదు.

డబ్బు తక్కువుంటే అసలు కార్డే వద్దు. రైజెన్ 5600జీ లాంటి ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండనే ఉంది. 3200 వేగం డీడీఆర్4 ర్యామ్ రెండు ముక్కలు జతగా పెడితే 51.2 జీబీ పారుతుంది. 16 జీబీ ఒకే ముక్కగా అంటగట్టారో, సగం పోయినట్టే. ఇంకాస్త పోగైతే 2019 నాటి జీటీఎక్స్ 1650: పారుదల 128, చాలా మోడళ్లకు వేరే పవర్ తీగ కూడా అక్కర్లేదు. అంతకు పైన ఆర్ఎక్స్ 6600, ఎనిమిది జీబీతో, 224. కొత్త గేములకు నాలుగు జీబీ చాలడం లేదన్నది నిజమే, నీళ్లే వద్దని ఎవరన్నారు?

కర్నూలాయన సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయినా, కడపాయన బెంగళూరు ఎస్పీ రోడ్డులో దిగినా ముందు డబ్బా తిప్పి మెమరీ రకం, బిట్లు చూడాలి. జీబీలు ముందువైపు అరచేయంత అంకెలో ఉంటాయి. బిట్లు ఎక్కడో అడుగున, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడనంత సన్నగా.