కొట్టని కర్రకు రెండు దెబ్బలు

గోల్ఫ్ ఆటగాడి సంచిలో 14కు మించి క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కర్రలు, ఉండరాదన్న నిబంధన పుణ్యమా అని, 2001 బ్రిటిష్ ఓపెన్ చివరి రోజున తొలి గుంతను రెండే దెబ్బల్లో ముగించి అగ్రస్థానాన్ని అందుకున్న ఇయాన్ వూస్నమ్‌కు, కేడీ, అనగా సంచి మోసే సహాయకుడు, లెక్కచూడని 15వ కర్ర బయటపడగానే రెండు దెబ్బల జరిమానా పడింది.

తక్కువ దెబ్బలు కొట్టినవాడే గెలిచే ఈ ఆటలో, బంతిని తాకనైనా తాకని ఆ 15వ కర్ర, డ్రైవరు అనే రకం, సంచిలో పడుకునే రెండు దెబ్బలు కొట్టేసింది.

వాడినా వాడకున్నా శిక్ష ఒకటే కనుక న్యాయానికి లోటు లేదు. లెక్క తప్పినది మోసినవాడు, మూల్యం చెల్లించినది ఆడినవాడు.

చివరకు వూస్నమ్ ఏకైక ద్వితీయుడు కావలసినవాడు ఐదుగురితో కలిసి తృతీయుడయ్యాడు. ఒక డ్రైవరుకు అంత ధర ఏ దుకాణమూ అడిగి ఉండదు.