రన్నింగ్ స్టాఫ్

రైల్వేలో రన్నింగ్ స్టాఫ్ అని ఒక తెగ ఉంది. లోకో పైలట్లు, గార్డులు ఆ తెగవాళ్ళు. వీళ్ళకి రన్నింగ్ అలవెన్సు ఉంటుంది, వెళ్ళిన ఊళ్ళో నడుం వాల్చడానికి రన్నింగ్ రూము ఉంటుంది. ఉండనిది ఒక్కటే, రన్నింగు. సర్వీసంతా కూర్చునే పరిగెడతారు. ముప్పై ఏళ్ళలో భూగోళాన్ని ఎన్ని చుట్లు చుట్టారో లెక్క తీస్తే కళ్ళు తిరుగుతాయి. అంత తిరిగొచ్చి, ఇంట్లో కూజా దాకా లేవడం బరువై, మంచినీళ్ళకి పెళ్ళాన్ని కేకేస్తారు.

ఈమధ్య ఈ తెగలోంచి ఒక ఉపశాఖ బయల్దేరింది. వీళ్ళు నిజంగానే పరిగెడతారు. బిలాస్‌పూర్ చుట్టుపక్కల రైల్వే క్వార్టర్లలో తెల్లవారుజామున లేచేవాళ్ళకి ఈ జాతి పరిచయమే. కాళ్ళకి చిలకపచ్చ బూట్లు, నుదుటికి పట్టీ, చేతికి పళ్ళెమంత వాచీ. "బాగున్నారా అండీ?" అంటే "ఆరూ నలభై" అంటారు. టైము కాదది. కిలోమీటరుకి ఆరు నిమిషాల నలభై సెకన్లని. అంటే బాగున్నట్టే. ఏడు దాటిందంటే ఇంట్లో ఏదో జరిగిందని అర్థం.

ఈ జాతికి మచ్చుతునక మా మావయ్య. గూడ్సు బండి తోలతాడు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి బీఎన్నార్ రోజుల్లో, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే అన్నమాట, పట్టాల పనికొచ్చి ఇక్కడే పాతుకుపోయారు. మావయ్య కాపురం గతౌరాలో. బిలాస్‌పూర్ నుంచి హౌరా వైపు వెళ్తుంటే తగిలే మొదటి స్టేషను. ఊరి పేరులో 'ఔరా' ఉందిగానీ, ఎక్స్‌ప్రెస్సులు ఆశ్చర్యపోవడానిక్కూడా అక్కడ ఆగవు.

ఈ పరుగుకంతటికీ మూలం పీఎంఈ. రన్నింగ్ స్టాఫుకి కొన్నేళ్ళకోసారి జరిగే వైద్యపరీక్ష అది. బోర్డు పరీక్షకి పిల్లలు భయపడతారు, పీఎంఈకి వాళ్ళ నాన్నలు భయపడతారు. ఓసారి మావయ్య రక్తంలో చక్కెర పట్టుబడింది. డాక్టరు నడవమన్నాడు. మావయ్య బయటికొచ్చి, "నడకేటి, పేసింజరు బండిలాగ!" అని బూట్ల కొట్టుకెళ్ళాడు. ఆ బూట్ల ధర అత్తకి ఇప్పటికీ తెలీదు. అత్త తెలుగు పత్రికలు చదువుతుంది. కాబట్టి ఇక్కడా రాయను.

ఉన్నపళాన మావయ్య భాష మారిపోయింది. మోకాలు పట్టేస్తే 'హాట్ యాక్సిల్'. పిక్క బిగిస్తే 'బ్రేక్ బైండింగ్'. కడుపులో గాలి తిరిగితే 'ప్రెషర్ నిలబడ్డం లేదు'. జ్వరమొచ్చి మంచం ఎక్కితే 'డెడ్ ఇంజను'. ఓ నల్లట్ట నోట్‌బుక్కుకి గీతలు కొట్టి సైన్ ఆన్, సైన్ ఆఫ్, దూరం, చివర్న 'రిమార్కులు' అని గడులు పెట్టాడు. పరుగు ఆలస్యమైతే ఆ చివరి గడిలో కారణం రాయాల్సిందే. 'గతౌరా గేటు దగ్గర గేదెలు, నాలుగు నిమిషాలు' అని రాసుండగా నేను కళ్ళారా చూశాను. ఎవరడిగారు మావయ్యా అంటే, "ఎవులూ అడక్కపోయినా రాయాలి అల్లుడూ. అడిగిన్నాడు రాయడానికి ఏటుంటాది?" అన్నాడు.

మారథాన్ చరిత్ర మొత్తం నోటికొచ్చు. అత్తకి వినిపించబోయాడు. క్రీస్తుపూర్వం 490లో గ్రీకులు మారథాన్ దగ్గర యుద్ధం గెలిచారు, ఆ కబురు మోసుకుని ఒకడు ఏథెన్సుకి పరిగెత్తాడు, గెలిచామని చెప్పి అక్కడికక్కడే కూలి ప్రాణం వదిలాడని కథ.

"సచ్చిపోయినోడి పేరు మీద పండగేటి? ఆబ్దికం పెట్టాలి గాని," అంది అత్త.

మావయ్య తగ్గలేదు. మరి ఆ 42 కిలోమీటర్ల పైన 195 మీటర్లు ఎందుకో తెలుసా అన్నాడు. 1908 లండన్ ఒలింపిక్సులో విండ్సర్ కోట దగ్గర మొదలెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు ముందు ముగించారు. లెక్క అలా తేలింది. 1921లో అదే ఖాయం చేసేశారు. చెప్పి, కాసేపాగి, గొంతు తగ్గించి తన బాధ బయటపెట్టాడు. "నలభైరెండు దగ్గిర ఆగాల్సిన బండి రాణీగారి కోసం 195 మీటర్లు ముందుకెళ్ళి ఆగింది. మాకైతే దాన్ని స్పాడంటారు. ఎర్ర సిగ్నలు దాటేసినట్టు. ఉజ్జోగం ఊడతాది."

అత్తది సింహాచలం పక్క ఊరు. పెళ్ళికి ముందు మూడుసార్లు గిరి ప్రదక్షిణ చేసింది. ఆషాఢ పౌర్ణమికి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. రాత్రంతా, వానొచ్చినా, చెప్పుల్లేకుండా. హైదరాబాద్ మారథాన్‌లో సగం దూరం పరిగెత్తి మావయ్య పతకం తెచ్చి దేవుడి గూట్లో అప్పన్న పటానికి వేలాడదీస్తే, అత్త మర్నాడు దాన్ని తీసి తాళాలగుత్తికి కట్టింది. ఇప్పుడు బీరువా తాళం ఎక్కడున్నా చప్పుడు చేస్తుంది. పనికొచ్చిన పతకం నాకు తెలిసి అదొక్కటే.

ఆ హైదరాబాద్ పరుగే మావయ్య బుర్రలో కొండ నాటింది. అక్కడ 2011 నుంచీ జరుగుతోంది, ఆగస్టు ఉక్కలో. ఊరంతా ఎత్తుపల్లాలు, చాలనట్టు ఫ్లైఓవర్లు. తిరిగొచ్చాక నెల్లాళ్ళు అదే పాట. "ఆళ్ళు సిమెంటుతో కొండలు కట్టుకుని మరీ ఎక్కుతన్నారు అల్లుడూ. మనకేటుంది?" నిజమే, గతౌరాలో ఏముంది? నేల అప్పడాల పీట. వరిచేలు, చెరువులు, పట్టాలు, దూరంగా సీపత్ విద్యుత్ కేంద్రం. ఎత్తు అన్నది చూడాలంటే గడ్డివాము ఎక్కాలి.

అందుకని బిలాస్‌పూర్ స్టేషనుకెళ్ళి ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి దిగడం మొదలెట్టాడు. నియమం తప్పే మనిషి కాదు. బండి డ్రైవరై ఉండీ, పది రూపాయలు పెట్టి ప్లాట్‌ఫారం టికెట్ కొన్నాడు. అది రెండు గంటలు చెల్లుతుంది కనక రెండు గంటలూ ఎక్కాడు. మధ్యలో కూలీలు అడ్డమొచ్చి, "ఏ బండి, బాబూ? తప్పిపోయిందా?" అని జాలిపడ్డారు. ఒకాయనైతే పదకొండోసారి ఎదురయ్యేసరికి ఆగలేక, మీవాళ్ళు ఏ బోగీలో ఉన్నారో చెబితే నేనూ వెతుకుతానన్నాడట.

మహారాష్ట్రలోని సతారాలో కొండ హాఫ్ మారథాన్ ఉందని ఎవరో చెప్పారు. 2012 నుంచీ జరుగుతోంది, యవతేశ్వర్ ఘాటు ఎక్కి దిగాలి. మావయ్య రిజర్వేషన్ ఫారం నింపాడు. అత్త లీవు శాంక్షన్ చెయ్యలేదు. "ఆ మరాఠా ఏదో ఇక్కడే సేసుకోండి," అంది. మారథాన్ని ఆవిడ మొదట్నుంచీ మరాఠా అనే అంటుంది.

ఆ మాట మావయ్యకి తగలాల్సిన చోట తగిలింది. మరాఠాలు కొండలెక్కింది ఒక్క సతారాలోనేనా? బిలాస్‌పూర్‌కి పాతిక కిలోమీటర్లలో రతన్‌పూర్ లేదూ! కలచురి రాజుల రాజధాని. శివనాథ్ నదికి ఉత్తరాన పద్ధెనిమిది గఢ్‌లు, దక్షిణాన పద్ధెనిమిది, కలిపి ఛత్తీస్‌గఢ్ అని చెబుతారే, అందులో ఉత్తరాది పద్ధెనిమిదీ దీని కిందే. 1741లో నాగపూర్ భోంస్లేల సేనాని భాస్కర్ పంత్ వచ్చిపడ్డాడు. ముసలి రాజు రఘునాథ్ సింగ్ పెద్దగా ఎదిరించలేదు. తర్వాత బింబాజీ భోంస్లే పాలించాడు. రామ్‌టేక్రి గుట్ట మీద రాముడి గుడి ఆయన కట్టించిందే. ఈ చరిత్రంతా విని మావయ్య బాధపడింది ఒక్కదానికే. "ఆ గుట్ట ఎంత టైములో ఎక్కినారో ఒక్కడూ రాసుకోలేదు, సూడు."

అలా తేలింది పరుగు. పతకాల్లేవు, బ్యానర్లేదు. పదకొండు మంది. అందులో ఇద్దరు గార్డులు, ఒక టీసీ, మిగతా అంతా లోకో. మహామాయ గుడి దగ్గర బయల్దేరి రామ్‌టేక్రి ఎక్కి దిగి, ఖూటాఘాట్ ఆనకట్ట దారి పట్టి, వెనక్కి గుడికే రావాలి. నేను స్కూటరు మీద వెనకాల, నీళ్ళ సీసాలు, అరటిపళ్ళతో. నా హోదా 'బ్యాంకర్'. ఖోంగ్‌సరా దాటాక భన్వార్‌టోంక్ ఘాటులో బొగ్గు బండి ఎక్కలేకపోతే వెనకనుంచి తోసే ఇంజనుకి ఆ పేరు. డిసెంబరు చలి. చెరువుల మీద పొగమంచు. రతన్‌పూర్‌లో చెరువుకి చెరువు అడ్డం, ఎటు తిరిగినా నీళ్ళే. నాకు చూడ్డానికి తీరికుంది. వాళ్ళకి లేదు, వాచీలు చూసుకుంటున్నారు.

రామ్‌టేక్రి ఎక్కుడు మొదలైంది. మావయ్య ముందు కబుర్లు మానాడు, తర్వాత చేతులూపడం మానాడు. సగం దూరంలో నోరు తెరుచుకుంది. సరిగ్గా అప్పుడు ఎదురుగా మేకల్ని తోలుకుంటూ ఒక ముసలాయన దిగుతున్నాడు. చెమటతో తడిసి వంగిపోయి వస్తున్న ఈ మనిషిని చూసి, చేతులు జోడించి, మనసారా అన్నాడు:

"జై జోహార్!"

ఛత్తీస్‌గఢ్‌లో అది నమస్కారం. పొద్దున్న లేస్తే పాలవాడి దగ్గర్నుంచి అందరూ అనేదే. మావయ్య పుట్టినప్పట్నుంచీ వింటున్నాడు, అంటున్నాడు కూడా. కానీ ఊపిరి అందనప్పుడు మనిషికి తల్లిభాష ఒక్కటే మిగులుతుంది. తెలుగులో జోహార్లు ఎవరికి అర్పిస్తామో తెలిసిందే కదా. మావయ్య నిలబడిపోయాడు. నడుం మీద చెయ్యేసుకుని, ముసలాయన్నీ మేకల్నీ మార్చి మార్చి చూసి, "అప్పుడేనేటి బావూ! ఇంకా బతికే ఉన్నాను," అన్నాడు తెలుగులో. ముసలాయనకి ఏమర్థమైందో, మరోసారి జోహార్ అని, మేకని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. నోట్‌బుక్కులో ఆ మూడు నిమిషాలకి రాసిన కారణం 'సిగ్నల్ అర్థం కాలేదు.'

ఆనకట్ట దారి సంగతి పెద్దగా లేదు. ఎండెక్కింది, టీసీగారు ఆటో ఎక్కాడు. టికెట్ ఉందా అని ఎవరూ అడగలేదు. మావయ్య తెచ్చుకున్న జెల్ అనే పదార్థం, తుమ్మబంకలో నిమ్మరసం పిండినట్టుండేది, చేతికంటి నోటిదాకా పోలేదు. ఒక టీ బడ్డీ దగ్గర పనిలోకి పోతున్న ఇద్దరు బోరే బాసీ తింటున్నారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున్న ఉల్లిపాయ నంజుకు తినడం. మన చద్దన్నమే, ఇంటిపేరు మారిందంతే. 2022లో మే ఒకటిన ఇక్కడి ప్రభుత్వం దానికో రోజే కేటాయించింది, మంత్రులు కూడా కూర్చుని తిన్నారు. బడ్డీ దగ్గరి ఆ ఇద్దరూ ఒక గిన్నె మావయ్య వైపు జరిపారు. మావయ్య ముందు వాచీ ఆపాడు, తర్వాత తిన్నాడు. ఉల్లిపాయ రెండోది అడిగి తీసుకున్నాడు. అక్కణ్ణించి గుడిదాకా నేను స్కూటరు మూడో గేరులో వేసుకోవాల్సొచ్చింది.

గుడి గుమ్మం దగ్గర మావయ్య ఆగి వాచీ చూసుకున్నాడు. మొహం పాలిపోయింది. 20.96. హాఫ్ మారథానంటే 21.0975. ఇంకా నూట నలభై మీటర్లు బాకీ. బయట పూలకొట్లు, కొబ్బరికాయల బళ్ళు, పార్కింగు. పరిగెత్తడానికి అడుగు చోటు లేదు. నాకేసి చూశాడు, గుడికేసి చూశాడు. బూట్లు విప్పి నా చేతిలో పెట్టి, మేజోళ్ళు జేబులో కుక్కుకుని, వట్టి కాళ్ళతో ప్రదక్షిణంలో దిగాడు.

ఈ గుడికి నడక కొత్త కాదు. నవరాత్రుల్లో సప్తమి రాత్రి బిలాస్‌పూర్ నుంచి జనం కాలినడకన వస్తారు. పాతిక కిలోమీటర్లూ రోడ్డు కనపడనంత జనం. ఆ రాత్రి గతౌరా వైపు నుంచీ కదులుతారు, చంకన పిల్లల్ని వేసుకుని. అలాంటి ముసలమ్మలే ఓ ఏడెనిమిది మంది ఆవేళ మండపంలో కూర్చుని ఉన్నారు. చెమటోడుతూ, పెదాలు కదుపుతూ (మీటర్లు లెక్కెడుతున్నాడు), మణికట్టు వైపు భక్తిగా చూసుకుంటూ వడివడిగా తిరుగుతున్న మనిషి కంటబడ్డాడు. ఇదేదో గట్టి మొక్కు అనుకున్నారు. ఒకావిడ కొంగు బిగించి లేచింది. వెనకే మిగతావాళ్ళు. రెండో మలుపు తిరిగేసరికి మావయ్య వెనకాల ఎనిమిది పెట్టెలు తగులుకున్నాయి.

వాచీ కూసింది. 21.10. మావయ్య ఆగబోయాడు. వెనకావిడ వీపు మీద చెయ్యేసి ముందుకి తోసింది. ఛత్తీస్‌గఢీలో ఏదో గదమాయించింది. అర్థం నాకు తెలుసు, మూడు చుట్లు పూర్తి కాకుండా ఆపకూడదని. ఇరవై ఏడేళ్ళుగా బొగ్గు లాగుతున్న మనిషి. వెనక లోడు ఉన్నప్పుడు డ్రైవరు తన ఇష్టానికి ఆగడు. మాట్లాడకుండా మూడూ తిరిగాడు. ఆగాక ఆవిడ తన కొబ్బరిచిప్పలోంచి ఒక ముక్క విరిచి ఆయన చేతిలో పెట్టి, మొక్కు ఏమిటని అడిగింది. మావయ్య వాచీ చూపించాడు. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుంది.

సాయంత్రం గతౌరాలో అత్త పకోడీలు వేయిస్తోంది. నల్లట్ట పుస్తకం బల్లమీద తెరిచుంది. దూరం గడిలో 21.48. మావయ్య అరికాళ్ళు వేడినీళ్ళ బకెట్‌లో పెట్టుకుని, పెన్ను చెవిలో దోపుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి రిమార్కుల గడిలో రాశాడు: 'దాదాపు నాలుగొందల మీటర్లు అదనం. కారణం: ఆగడానికి పర్మిషన్ రాలేదు.'