నైరుతిలో ఊఫర్

పండగ ఆఫర్ల పుణ్యమా అని ఈ ఏడాది మన ఫ్లాట్లలోకి సౌండ్‌బార్లు, వాటి వెనకే ఊఫర్లనే నల్ల డబ్బాలు గృహప్రవేశం చేసేశాయి. ‘ఎక్కడైనా పెట్టుకోండి’ అన్నారు అమ్మినవాళ్లు, పెట్టేశాం. సోఫా వెనకట, మంచం కిందట, బీరువా చాటునట. ఊఫర్ గది చూడదు, గోడ చూడదు, మూల చూడదు. ఏమైనా తేడా వస్తే యాప్ చూసుకుంటుంది. ఇంత సర్దుకుపోయే గుణమున్న మనిషి ఇంటికొకరు ఉంటే ఆస్తి తగాదాలే ఉండేవి కావు.

పైగా వైర్‌లెస్. సౌండ్‌బార్ నుంచి వైరు లాగక్కర్లేదు, అంతవరకు నిజం. కరెంటు వైరు మాత్రం ఉంటుంది. అది ప్రకటన బొమ్మలో కనపడదు. కాబట్టి డబ్బా ప్లగ్ పాయింట్ ఉన్నచోటికి చేరుతుంది. ప్లగ్ పాయింట్ ఎక్కడుంటుంది? బిల్డర్ దగ్గర పనిచేసిన ఎలక్ట్రీషియన్‌కి గోడ కొట్టడం ఎక్కడ తేలికైతే అక్కడ. మన నగరాల్లో సగం ఇళ్లకి సౌండ్ ఇంజనీరు ఆయనే.

మిగతా సగానికి వాస్తు సిద్ధాంతి. మా బంధువుల కొత్త ఫ్లాట్‌లో హోం థియేటర్ బిగించిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఊఫర్‌ని రెండు చేతులా ఎత్తుకుని హాల్లో నిలబడ్డాడు. ఇంటాయన సిద్ధాంతిగారికి ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేశాడు.

“బరువెంత నాయనా?”

“పన్నెండు కిలోలుంటుందండి.”

“బరువైతే నైరుతి.”

“కరెంటు వస్తువండీ, పర్వాలేదా?”

“కరెంటుదా? అయితే ఆగ్నేయం. అగ్ని కదా.”

కుర్రాడు ఆగ్నేయం వైపు నాలుగడుగులు వేశాడు. ఇంటావిడకి అనుమానం వచ్చింది. “వెనక పెద్ద చిల్లు ఉందండీ. అందులోంచి గాలి కూడా కొడుతుందట.”

“గాలా? ముందే చెప్పొద్దమ్మా! గాలికి వాయవ్యం.”

కుర్రాడు డబ్బా కింద పెట్టేసి చెమట తుడుచుకున్నాడు. అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు కాసేపు వినిపించింది. ఆఖరికి బరువే గెలిచింది, నైరుతి ఖాయమైంది. ఆ మూలలో ఇంటీరియర్ వాళ్లు అప్పటికే ల్యామినేట్ అర కట్టి, దానికి తలుపు కూడా పెట్టి ఉంచారు. ఊఫర్ లోపలికెళ్లింది. చిల్లు గోడకి ఆనింది. తలుపు మూసుకుంది. గాలి సంగతి అలా తేలిపోయింది.

ఇంత తతంగంలో వినేవాళ్లు ఎక్కడ కూర్చుంటారని ఒక్కరూ అడగలేదు.

నాకు నైరుతి మీద పగ లేదు, మూల మీద ఉంది. రెండు గోడలూ నేలా కలిసేచోట ఊఫర్ పెడితే బేస్ అమాంతం పెరుగుతుంది. అది చాలదన్నట్టు, గది తనంతట తాను మోగడానికి కాచుకుని ఉన్న స్వరాలన్నిటినీ తట్టి లేపుతుంది. ప్రతి గదికీ అలాంటివి ఉంటాయి. 12 అడుగుల వెడల్పున్న హాల్లో ఎదురెదురు గోడల మధ్య ధ్వని ఊగే మొదటి ఊపు సుమారు 47 హెర్ట్జ్. పది అడుగుల ఎత్తుకి 56. ఇరవై అడుగుల పొడవుకి 28. ఇవి ఏ పంచాంగంలోవీ కావు. ధ్వని సెకనుకి దాదాపు 344 మీటర్లు పోతుంది. దాన్ని మీటర్లలో కొలిచిన గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే ఎవరికైనా ఇవే అంకెలు వస్తాయి.

బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి మెట్టు మెట్టు ఎక్కుతూ 47 దగ్గరికి వచ్చేసరికి నైరుతి డబ్బాకి పూనకం వస్తుంది. ల్యామినేట్ తలుపు తాళం వేస్తుంది, షోకేసులో గాజుగ్లాసులు కోరస్ అందుకుంటాయి. ఆ మెట్టు దాటగానే అంతా చప్పబడిపోతుంది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్‌కి గాయకుడి పక్కనే నడిచే సొంత బాణీ ఉంటుంది. ఆ హాల్లో ఆ బాణీ అంతా కలిపి ఒక్క ‘బూం’ అయి కూర్చుంది. ఇంటాయన మొహం మాత్రం వెలిగిపోయింది. “చూశారా బావగారూ, బేస్ ఎలా కొడుతోందో!”

చూశాను. గ్లాసులు కూడా చూశాయి.

చతురస్రం శుభమని గదిని సరిగ్గా 12 అడుగులకి 12 అడుగులు కట్టించుకున్నవాళ్ల వైభోగం ఇంకా గొప్పది. పొడవుకీ అదే 47, వెడల్పుకీ అదే 47. రెండూ ఒకదాని మీదొకటి ఎక్కి మోగుతాయి. శుభం కదా, రెండింతలు వస్తుంది.

ఒక్క విషయంలో వాస్తుకి దణ్ణం పెట్టాలి. ఇంటి నడిమధ్య బ్రహ్మస్థానం, అక్కడ బరువులు పెట్టకూడదంటారు. హాలు నట్టనడుమ కుర్చీ వేసుకుని చూడండి. ఇందాకటి మొదటి ఊపు బలం అక్కడ దాదాపు సున్నా. బేస్ అంతా గోడల దగ్గర గంతులేస్తుంది, మధ్యలో కూర్చున్నవాడికి అందదు. వాడు రిమోట్ అందుకుని ఇంకా పెంచుతాడు. గోడవార మంచం మీద మధ్యాహ్నం కునుకు తీస్తున్న తాతగారు ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, ఒకే డబ్బా వింటున్నారు. ‘ఎక్కడైనా ఒకటే’ అన్న పెద్దమనిషి వచ్చి ఆ ఇద్దరికీ మధ్యవర్తిత్వం చెయ్యాలి.

ఆ పెద్దమనుషుల వాదన మనకి తెలిసిందే. సుమారు 80 హెర్ట్జ్ కింద శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు, అందుకని ఊఫర్ ఎక్కడ పెట్టినా ఒకటే అంటారు. మొదటి సగం నిజం. శబ్ద ప్రమాణాలు పెట్టే టీహెచ్ఎక్స్ వాళ్లు ఊఫర్‌కీ స్పీకర్లకీ మధ్య 80 దగ్గర గీత గీసింది అది చూసుకునే. రెండో సగమే అన్యాయం. దిశ తెలియకపోవడం వేరు, తేడా తెలియకపోవడం వేరు. ఊఫర్‌ని రెండడుగులు జరిపితే ఒక స్వరం ఉబ్బుతుంది, ఇంకోటి మాయమవుతుంది. చెవి దాన్ని పట్టేస్తుంది.

పోనీ ఆ సగం నిజమైనా వీళ్లు అమ్మే సరుకుకి వర్తిస్తుందా అంటే అదీ లేదు. పెట్టె విప్పి చూడండి. ఊఫర్ ఎనిమిది అంగుళాలు, దానికి జతగా ఇచ్చిన స్పీకర్లు రెండున్నర అంగుళాలు. అంత చిన్న కోన్ 150, 200 హెర్ట్జ్ కిందికి గట్టిగా దిగలేదు. మగగొంతు ఆధార స్వరం ఉండేదే దాదాపు 85 నుంచి 180 మధ్య. ఆ ఖాళీ ఎవరు పూడ్చాలి? ఊఫరే. దాని పని కాని పని దాని నెత్తిన పడుతుంది. 80కి పైన దిశ తెలిసిపోతుంది కనుక, బాలు పల్లవి ఎత్తుకుంటే గొంతులో నాజూకు టీవీ కింద నుంచి, నిండుదనం సోఫా వెనక నుంచి వస్తుంది. అంత పాడిన మనిషిని నిలువునా రెండు ముక్కలు చేసి, ఒక ముక్కని చెప్పుల స్టాండు పక్కన పడేసి, దానికి హోం థియేటర్ అని పేరు పెడతారా? ఇది మోసం. ఇంతకన్నా మెత్తటి మాట నా దగ్గర లేదు.

చిన్న డబ్బా, లోతైన బేస్, తక్కువ పవర్‌తో పెద్ద మోత: ఈ మూడింటిలో రెండే దక్కుతాయని స్పీకర్లు కట్టేవాళ్లందరికీ తెలుసు. మూడూ ఇస్తామని ప్రకటన వేసేవాళ్లకి ఇంకా బాగా తెలుసు. చిన్న స్పీకరు కావడం తప్పేమీ కాదు. బీబీసీ ఇంజనీర్లు 1970లలో బయటి ప్రసారాల వ్యాన్లలో పెట్టుకోవడానికి ఎల్ఎస్ 3/5ఎ అనే స్పీకర్ చేశారు. ఐదంగుళాల ఊఫర్, చిన్న పెట్టె, లోతైన బేస్ లేనేలేదు. మనిషి గొంతు మనిషి గొంతులా వినిపిస్తే చాలనుకున్నారు. దానికి ఇప్పటికీ ప్రాణం పెట్టేవాళ్లున్నారు. అలాంటి బుద్ధిమంతుల జతకి బేస్ డబ్బా కలపాలంటే ముందు స్పీకర్లు ఎక్కడిదాకా దిగుతాయో చూసి, అక్కడ ఊఫర్‌ని అందించాలి. అందుకే మంచి ఊఫర్ వెనక క్రాసోవర్, ఫేజ్, వాల్యూమ్ అని మీటలుంటాయి. ఆఫర్లో వచ్చేవాటికి చాలావరకు వాల్యూమ్ ఒక్కటే ఉంటుంది, అది కూడా రిమోట్‌లో. అడిగితే ‘ఆటోమేటిక్ సార్’ అంటారు.

యాప్ సంగతి కూడా చెప్పుకుందాం. ఉబ్బిన స్వరాన్ని యాప్ కోయగలదు, ఒప్పుకుంటాను. ఆరిపోయినచోట మాత్రం వెలిగించలేదు. పది డెసిబెల్స్ పెంచాలంటే యాంప్లిఫయర్ పదిరెట్లు పవర్ పోయాలి. పోసినా, గోడకి కొట్టుకుని తిరిగొచ్చే అల కూడా అంతే పెరిగి దాన్ని మింగేస్తుంది.

ఊఫర్ కింద ఇత్తడి మేకులు, దానికి వేలకి వేలు పోసి కొన్న కేబుల్: దణ్ణం. టేప్‌రికార్డర్ల మీద వేల వాట్ల పీఎంపీఓ అనే ఉత్తుత్తి లెక్కల స్టిక్కర్లు అంటించిన వంశం ఇంకా అంతరించలేదు, దానికీ దణ్ణం.

షోరూంకి వెళ్లండి. చీకటి గది, సోఫా, ఏసీ. ఏం వినిపిస్తారు? హెలికాప్టరు, బాంబు, కూలుతున్న భవనం. కూలుతున్న భవనం అసలు ఎలా వినపడాలో మనలో ఎవరికి తెలుసు? అందుకే అది వినిపిస్తారు. మృదంగం వినిపించమనండి, మనకి తెలిసిన గొంతు వినిపించమనండి, సేల్స్‌మన్ పెన్‌డ్రైవ్ వెతుక్కుంటాడు. ఊఫర్ ఉన్నట్టు తెలియకుండా ఉండటమే దానికి పరీక్ష. తెలియకపోతే అమ్ముడుపోదు కాబట్టి తెలిసేదాకా పెంచుతారు. ఇంటికొచ్చాక మనం తగ్గించం, డబ్బులిచ్చింది దానికే కదా!

మనం తగ్గించకపోతే కింది ఇంట్లో ఏమవుతుందో మా ఇంటికొస్తే చూపిస్తాను. పైవాళ్ల సినిమాలో మాటలు నాకు వినపడవు, పాటలు వినపడవు. స్లాబు గుండా దిగేది అడుగు బేస్ ఒక్కటే. 20 హెర్ట్జ్ అల పొడవు 17 మీటర్లు. దానికి మన బిల్డర్ల గోడలు ఒక లెక్కా? రాత్రి పదకొండింటికి మంచినీళ్ల సీసా మీద మూత టకటకలాడుతుంది. పైకెళ్లి అడిగితే “సౌండు ఇరవై మీదే ఉందండీ” అని రిమోట్ చూపిస్తాడు. పాపం, నిజమే చెబుతున్నాడు.

ఫిర్యాదు చేద్దామంటే చట్టానికీ ఆ శబ్దం సరిగ్గా వినపడదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆ కొలత ‘ఎ’ పద్ధతిది. ఆ పద్ధతిలో కొలిచే మీటరు 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. నా పడగ్గదిలో ఆ మోత 70 ఉంటే మీటరు 40 అంటుంది. కాగితం ప్రకారం నేను ప్రశాంతంగా నిద్రపోతున్నాను. ఊరేగింపుల్లో డీజేల మీద హైదరాబాద్ పోలీసులు 2024లో నిషేధం పెట్టారు, సంతోషం. లారీ మీది డీజే వీధి చివరికి వెళ్లిపోతుంది. నైరుతి డీజే ఎక్కడికి వెళుతుంది?

ఊఫర్‌కి చోటు చూసే పద్ధతి ఒకటి ఎప్పటి నుంచో ఉంది, పైసా ఖర్చు లేదు. మీరు కూర్చునే కుర్చీలో ఊఫర్‌ని కూర్చోబెట్టండి. బేస్ బాగా నడిచే పాట పెట్టండి. గోడల వెంబడి నేలమీద పాకుతూ వినండి. ఏచోట స్వరాలన్నీ ఎగుడుదిగుడు లేకుండా వినపడతాయో అక్కడ ఊఫర్ పెట్టండి. తర్వాత ఒకరు సోఫాలో కూర్చుని వింటుంటే ఇంకొకరు ఫేజ్ మీట అటూ ఇటూ తిప్పి, ఎటు నిండుగా ఉంటే అటు వదిలేయండి. ఒక పెద్ద ఊఫర్‌కి బదులు రెండు చిన్నవి ఎదురెదురు గోడల మధ్యలో పెడితే ఇంకా సమంగా ఉంటుందని హార్మన్ కంపెనీ పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లోనే కొలిచి చెప్పాడు. కానీ మనకి పాకడం నామోషీ. సిద్ధాంతిగారి కాళ్ల మీద పడడానికి మాత్రం నడుం బాగానే వంగుతుంది.

అందుచేత ఈసారి షోరూంలో ఊఫర్ ప్లగ్ పీకించండి. ఆ చిన్న స్పీకర్ల మీదే మీకు బాగా తెలిసిన పాట ఒకటి పూర్తిగా వినండి. గాయకుడి గొంతు నిండుగా వస్తే అప్పుడు డబ్బా గురించి బేరం మొదలుపెట్టండి. సేల్స్‌మన్ పీకనంటే, వాడు ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే, లేచి బయటికి నడవండి. మీ కింద కూడా ఎవరో ఒకరు అద్దె కట్టుకుని కాపురముంటున్నారు.