పేగు కోయడం ఉచితం

కెనడాలోని కిచెనర్ తెలుగువాళ్ళు అదృష్టవంతులు. 401 హైవే ఎక్కి తూర్పుకెళితే ఇన్సులిన్ పుట్టిన టొరంటో, పడమటికెళితే క్రోన్స్ అనే పేగువాపు జబ్బు మందుల పరీక్షల్లో పేరుమోసిన ఒంటారియో లండన్. కడుపు మెలిపెడితే ఎటైనా పరుగెత్తవచ్చు, దారిలో టాయిలెట్ దొరికితే.

ఇది తెల్లవాళ్ళ జబ్బనుకునేరు! దక్షిణాసియా నుంచి వచ్చినవాళ్ళకు పేగువాపు జబ్బులు తక్కువేగాని, వాళ్ళకు ఇక్కడ పుట్టిన పిల్లలకు స్థానికులతో సమానంగా వస్తున్నాయని 2015లో ఒంటారియో రికార్డులు తిరగేసి మరీ తేల్చారు. అమ్మానాన్నలు పీఆర్ కోసం ఏళ్ళు కాచుకున్నారు, పిల్లల పేగులకు పుట్టగానే పౌరసత్వం.

కొత్త సూదిమందు పరీక్షంటే మాటలా? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని పెరిగినవాడు వారమంతా డైరీ రాయాలి: ఎన్ని నీళ్ళ విరేచనాలు, నొప్పి ఎంత, ఒంట్లో ఎలా ఉంది. 1976 నాటి లెక్క అది, 150కి దిగువకొస్తే జబ్బు నెమ్మదించినట్టు. లండన్‌కు చెందిన బ్రయన్ ఫీగన్ బృందం 2016లో ఉస్టెకినుమాబ్ అనే మందు ఫలితాలు అచ్చువేసింది. పాత సూదులకు లొంగక మందు డ్రిప్పు ఎక్కినవాళ్ళలో ఆరో వారానికి సుమారు 34 శాతానికి గుణం కనిపించింది. ఉత్తుత్తి డ్రిప్పు ఎక్కినవాళ్ళలోనూ 21.5 శాతానికి! నవ్వకండి, ఆ ఉత్తుత్తిది పక్కన లేకపోతే మందు నిజమెంతో తేలదు. దానికి ఒళ్ళప్పగించిన రోగులకు నా దండం.

నా గొడవ మందు గెలిచాక జరిగే తంతుతో. ఒంటారియోలో డాక్టరు ఉచితం, కొలొనోస్కోపీ ఉచితం, పేగు కోసి తీసెయ్యడం పరమ ఉచితం. ఆ కోత తప్పించగల సూది మాత్రం ఇంటి ఫ్రిజ్‌లో ఉంటుంది కనుక సర్కారీ ఆరోగ్య బీమా ఓహిప్‌కు అంటరానిది. ఏడాదికి వేల డాలర్లు. ఉద్యోగం, దాంతో బీమా ఉంటే బతికిపోయారు. ప్రైవేటు బీమా లేని పిల్లల మందులకు 25 నిండేదాకా సర్కారే దిక్కు. ఆ పుట్టినరోజు కేకుతోపాటు ట్రిలియం అనే మందుల పథకం దరఖాస్తూ అందించాలి. ఇంటి ఆదాయంలో సుమారు 4 శాతం ముందు మనం వదుల్చుకుంటేనే ఆ పథకం కళ్ళు తెరుస్తుంది.

1923లో ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళు దాని హక్కుల్ని టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కో డాలరుకు రాసిచ్చారు. అమెరికాలో క్రోన్స్‌కు వాడే హ్యుమిరా సూది చుట్టూ లేచింది వందకు పైగా పేటెంట్ల కంచె. కెనడా 2024 ఫార్మాకేర్ చట్టం తొలి విడతలో మధుమేహాన్ని, గర్భనిరోధాన్ని కరుణించింది. పేగుల్ని క్యూలో నిలబడమంది, అది వాటికి చేతకాదని ఎవరూ చెప్పలేదు కాబోలు.

అందుకే మరో పరీక్ష పెట్టండి. ఒక గుంపుకు సూది, ఇంకో గుంపుకు బీమా ఫారాలు. ఫారాల గుంపువాళ్ళ డైరీలో ఒక గడి అదనం: ఈ వారం హోల్డ్ సంగీతం ఎన్ని గంటలు విన్నారు?