వేలెడంత అంచు

నన్ను ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. ఒంటిచేత్తో లాగబోయిన ఒకాయన వల్ల నా వీపు చిట్లి పదేళ్లయింది. నా పేరు ఆంధ్రపత్రిక, 1929, జనవరి నుంచి జూన్. విభవ నామ సంవత్సరంలో మొదలై, ఉగాది దాటి, శుక్లలో అడుగుపెట్టిన ఆరు నెలలు ఒక్క బైండు కింద కుట్టేస్తే నేనయ్యాను. నల్ల కాలికో గుడ్డ, మందపాటి అట్ట, మైదాపిండి జిగురు. జిగురులో మైలుతుత్తం కలిపాడు ఆ బైండరు, చల్లగా ఉండాలి, పురుగు నా జోలికి రాలేదు. కాగితం మాత్రం తనంతట తానే అప్పడంలా పెళుసెక్కిపోయింది. న్యూస్‌ప్రింటు కొయ్యగుజ్జుతో చేసింది కదా, అందులోని ఆమ్లమే దాన్ని తినేస్తుంది. దానికి తోడు వేటపాలెం సముద్రపు గాలి.

నేను అచ్చయింది మద్రాసులో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసు తెచ్చి దినపత్రిక చేశారు. అమృతాంజనం కూడా ఆయనదే. ఆ తైలం తెచ్చిన డబ్బే పత్రికను నిలబెట్టిందంటారు. అందుకే నా ఒంటినిండా తలనొప్పి మందు ప్రకటనలు. నా అక్షరాలు కూడబలుక్కుంటూ చదివేవాళ్లకు తలనొప్పి ఎటూ తప్పదు. అరసున్నాలూ బండి ఱలూ చూసి ఈ కాలం పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు.

రోజుకొక సంచికగా రైలెక్కి ఒక ప్లీడరుగారింటికి చేరేవాణ్ణి. ఆయన చదివి, మడిచి, ఆరు నెలలకోసారి బైండు చేయించేవాడు. ఆయన పోయాక, పిల్లలు ఇల్లు అమ్ముకునేటప్పుడు, నన్నూ నా తోబుట్టువులనూ రిక్షాలో వేసి ఇక్కడికి పంపించారు. ఇక్కడంటే సారస్వత నికేతనం.

ఈ ఇంటి సంగతి నాలుగు మాటలు చెప్పాలి. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆ గాలి ఊరూరికీ పాకింది. పాతూరి నాగభూషణంగారైతే పుస్తకాలను పడవకెక్కించి కాలువల మీద తిప్పారు. మా ఊళ్లో ఊటుకూరి వెంకట సుబ్బరాయశ్రేష్ఠిగారు ఈ గ్రంథాలయానికి శ్రీకారం చుట్టింది 1918లో. పదకొండేళ్ల తర్వాత, ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశం తిరుగుతూ గాంధీగారు వచ్చి, కొత్త కట్టడానికి శంకుస్థాపన చేశారు. అంటే సరిగ్గా నా కాలమే. విరిగిన ఆయన చేతికర్ర ఒకటి ఇక్కడే భద్రంగా ఉంది.

దాచుకోవడమెందుకు, ఆ కర్రంటే నాకు కడుపుమంట. ఊళ్లోకి ఎవరొచ్చినా ముందు దాన్నే చూపిస్తారు. స్కూలు పిల్లలు దాని ముందు వరసకట్టి ఫోటో దిగుతారు. నా బీరువా తీస్తే కలరా ఉండల ఘాటుకు ముక్కులు మూసుకుంటారు. కర్ర ఒక్క ముక్క మాట్లాడదు. నేను ఆరు నెలలపాటు రోజూ మాట్లాడినవాణ్ణి. చీరాల-పేరాల ఉద్యమం గురించి వచ్చేవాళ్లయినా నన్ను కింద పెట్టకుండానే, ‘ఇది 29ది, మాకు 21ది కావాలి’ అని తిప్పి పంపేస్తారు.

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. గాంధీగారు వేటపాలెం వచ్చిన కబురు ఉండాల్సిన కాగితం నాలో లేదు. ప్లీడరుగారు దాన్ని బ్లేడుతో కోయించి, పటం కట్టించి వసారాలో వేలాడదీసుకున్నారు. ఆ పటానికి చెద పట్టిందని తర్వాత విన్నాను. బ్లేడు పట్టినవాడు కుట్టు తెగుతుందని భయపడ్డాడేమో, వీపు పక్కన వేలెడంత అంచు వదిలేశాడు. కోసుకుపోయిన భాగంలో ఏముందని నన్నడిగితే ఏం చెప్పను? కాగితాన్ని మించి నాకు వేరే బుర్ర లేదు.

మొన్న వేసవిలో ఒక అమ్మాయి వచ్చింది. మగ్గం ఇంటి పిల్ల అని ఆమె మాటల్లోనే తెలిసిపోయింది. కర్ర వంక చూడనైనా లేదు.

‘సార్, గాంధీగారొచ్చిన ఏడే మా పేటలో తాటాకిళ్లు తగలబడ్డాయంట. మా ముత్తాత మగ్గాలు రెండూ పోయాయంట. ఆ తర్వాతే మావాళ్లు చీరాల పోయి కూలి మగ్గం నేశారంట. అన్నీ అంటలే సార్. ఎక్కడన్నా రాసుందేమోనని.’

‘తేదీ తెలుసా అమ్మా?’

‘మా నాయనమ్మ లెక్క ఒకటే సార్. గాంధీగారొచ్చినప్పుడు.’

గ్రంథాలయం ఆయన నన్ను బల్ల మీద పరిచాడు. ఆమె ఒక్కొక్క కాగితం కింద అరచేయి పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. పడుగు దారం పట్టిన చేతివాటం అది, ఒక్క అంచు కూడా విరగలేదు. ఏప్రిల్ 8న ఢిల్లీలో భగత్‌సింగ్, దత్తు అసెంబ్లీలో బాంబు వేసిన కబురు దగ్గర కాసేపు ఆగింది. ఎవరైనా ఆగుతారు. తర్వాత నూలు ధర, రైళ్ల వేళలు, కోర్టు వేలాలు. మద్రాసులో అచ్చయ్యే పత్రికలో మా ఊరు ఎంతుంటుందనుకున్నారు? ఎవరో విలేఖరి పోస్టులో పంపిన నాలుగు ముక్కలు, అదీ వేరే ప్రకటన దొరకని రోజున. కానీ ఇళ్లు కాలినా, బావిలో ఎద్దు పడినా ఆ నాలుగు ముక్కల్లోనే ఉంటుంది. నన్నడిగితే పెద్ద అక్షరాల కబుర్లు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి, నేను లేకపోయినా నష్టం లేదు. ఆ చిన్నవాటికి నేను తప్ప దిక్కులేదు.

కోసేసిన చోటుకొచ్చి ఆమె చెయ్యి ఆగింది.

‘ఇక్కడ గాంధీగారి వార్త ఉండేదమ్మా, ఎవరో కోసుకున్నారు’ అన్నాడాయన.

‘వెనక ఏముండేది సార్?’

ఇన్నేళ్లలో ఎవరూ అడగని మాట. కాగితానికి రెండు మొహాలుంటాయన్న సంగతి పటం కట్టించినవాళ్లకు తట్టలేదు. ఒకవైపు మహాత్ముణ్ణి కోసుకుంటూ, రెండోవైపు ఏముందో చూడకుండానే పట్టుకుపోయారు.

మిగిలిన అంచును ఆమె మెల్లగా తిప్పింది. ముందువైపు పంక్తుల మొదళ్లు మిగిలాయి, వెనకవైపు కొసలు. ఫోను లైటు వేసి, మొహం దగ్గరగా పెట్టి, కొస తర్వాత కొస చదువుకుంటూ పోయింది. ‘...లోని’, ‘...డు గంటలకు’, ‘...గ్గములు’.

‘మగ్గములు సార్! మగ్గములే కదా?’

ఆయన కళ్లద్దాలు సర్దుకుని వంగాడు. ‘మగ్గములే అయ్యుండాలి. కింద పంక్తి చూడు.’

కింద పంక్తి కొసన ‘...మైనవి’ అని ఉంది.

దగ్ధమైనవో, ప్రారంభమైనవో. ఆ రోజుల్లో ఖద్దరు ఊపు మీద మగ్గాలు కొత్తగా పెట్టినచోట్లూ ఉన్నాయి. ఇద్దరూ ఆ మూడక్షరాల మీద చాలాసేపు వాదించుకున్నారు. నా మీద ఇంత చర్చ జరిగి ఎన్నాళ్లయిందో.

చివరికాయన, ‘రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో కనుక్కో. హైదరాబాదు సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది, 1901 నాటిది, అక్కడా అడుగు. ప్రెస్ అకాడమీ వాళ్లు పాత పత్రికలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు, అవీ వెతుకు’ అని చీటీ రాసిచ్చాడు. ఆమె అంచుకు రెండువైపులా ఫోటో తీసుకుంది. కోసిన చోట గుర్తుగా ఒక తెల్లకాగితం పెట్టి, దాని మీద పెన్సిలుతో ‘...గ్గములు ...మైనవి’ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం వేసింది.

ఆ చీటీ ఇంకా నాలోనే ఉంది. బీరువా తలుపు తీసిన ప్రతిసారీ ఆమేనేమో అనుకుంటాను.