వైస్ సిటీలో పల్సర్ ఊరికే రాలేదు

వైస్ సిటీ గేమ్‌లో పీసీజే 600 బైకు తీసేసి దాని స్థానంలో పల్సర్ పెట్టుకోవాలంటే, మా రోజుల్లో ముందు ఫోల్డర్లు చదవడం రావాలి. నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి జిప్ ఫైలు దించుకుని, సీడీలో రాయించుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్లం. విప్పితే లోపల మూడు ఉండేవి. డీఎఫ్ఎఫ్ ఫైలు అంటే బండి ఆకారం, టీఎక్స్‌డీ అంటే దాని మీది రంగులూ స్టిక్కర్లూ, మూడోది రీడ్‌మీ. ఇప్పటి పిల్లలు జన్మలో తెరవనిది ఆ మూడోదే.

తర్వాత ఐఎంజీ టూల్ పని. ఆటలోని బొమ్మల్లో చాలావరకు జీటీఏ3 డాట్ ఐఎంజీ అనే ఒకే పెద్ద ఫైల్లో ఉండేవి. బోలెడు పేర్ల మధ్య పీసీజే600ని వెతికి పట్టుకుని, తీసేసి, మనది ఎక్కించి, చివర్లో రీబిల్డ్ కొట్టాలి. అక్కడితో అయిపోతుందా? హ్యాండ్లింగ్ డాట్ సీఎఫ్‌జీ అని ఇంకోటి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒక్కో బండికి ఒక్కో వరుస, వరుస నిండా అంకెలు. బరువెంత, ఎంత వేగంగా పోతుంది, బ్రేకు ఎంత గట్టిగా పడుతుంది, అన్నీ అందులోనే. ఒక్క అంకె ఎగిరిపోయిందా, బండి పిచ్చెక్కినట్టు పోయేది, లేదంటే ఆట లోడింగ్ దగ్గరే చతికిలపడేది. వీటన్నిటికీ ముందు అసలు ఫైళ్లకు కాపీ తీసి పక్కన దాచుకోవాలి. దాచుకోని వాడు ఆట మొత్తం మళ్లీ ఎక్కించుకోవాల్సిందే.

2005లో శాన్ ఆండ్రియాస్ పీసీకి వచ్చాక ఇంకో తంటా. ఆటలో దాచిన అశ్లీల దృశ్యం బయటపడిన హాట్ కాఫీ గొడవ తర్వాత వచ్చిన కాపీల్లో మోడ్స్, అంటే ఇలా బయట్నుంచి ఎక్కించే మార్పులు, పడకుండా చేశారు. అప్పట్నుంచీ 1.0 వెర్షన్ ఎవడి దగ్గరుంటే వాడే రాజు. తర్వాత మాడ్‌లోడర్ అని ఒకటొచ్చింది. అసలు ఫైళ్లను ముట్టుకోకుండా, దాని ఫోల్డర్‌లో మన ఫైళ్లు పడేస్తే చాలు. పిల్లలు పాడైపోవడం అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

ఇప్పుడు మా మేనల్లుడి సంగతి చూడండి. స్కైరిమ్ ఆటలో వందల మోడ్స్ వేసుకున్నాడు. "ఎలా వేశావురా?" అంటే, "వోర్టెక్స్‌లో కలెక్షన్ పెట్టి పడుకున్నా మామయ్యా, లేచేసరికి అయిపోయింది" అన్నాడు. మోడ్స్ సైటుకి డబ్బు కట్టని వాళ్లయితే ఒక్కో మోడ్‌కీ కూర్చుని ఒక్కో క్లిక్కు కొట్టాలి. వీడు కట్టేశాడు. పెళ్లి వంట కేటరింగ్ వాళ్లకి అప్పజెప్పినట్టు, ఏ గిన్నెలో ఏముందో ఇంటివాడికే తెలీదు.

కొన్నాళ్లకి వోర్టెక్స్ వదిలేసి మాడ్ ఆర్గనైజర్ అనే ఇంకో మోడ్ మేనేజర్‌కి మారాడు. ఓ రోజు ఫోన్. "మామయ్యా, మోడ్స్ అన్నీ మాయమైపోయాయి!" ఆట ఎలా తెరిచావురా అంటే, డెస్క్‌టాప్ మీద ఐకాన్ నొక్కాడట. ఆ మేనేజర్ మోడ్స్‌ని ఆట ఫోల్డర్‌లో అసలు పెట్టదు. ఒక్కోదాన్నీ దాని ఫోల్డర్‌లో విడిగా ఉంచి, ఆట నడుస్తున్నంతసేపూ అన్నీ డేటా ఫోల్డర్‌లోనే ఉన్నట్టు భ్రమ కల్పిస్తుంది. ఆటని దాని గుండా తెరవకపోతే భ్రమా లేదు, మోడ్సూ లేవు. వోర్టెక్స్ పద్ధతి వేరు. అది మామూలుగా హార్డ్‌లింకులు పెడుతుంది కాబట్టి ఐకాన్ నొక్కినా మోడ్స్ వస్తాయి. ఈ తేడా తెలీకుండా వీడు దాన్నుంచి దీనికి దూకాడు.

రెండు మోడ్స్ ఒకే గోడ బొమ్మను మారుస్తున్నాయనుకోండి. మేం చేత్తో వేసినప్పుడు విండోస్ "ఉన్న ఫైలు మీద రాసేయమంటావా?" అని అడిగేది. అవునన్నామా, పాతది పోయినట్టే. మేనేజర్ అలా తుడిచేయదు. ఎవరిది పైచేయో నువ్వే చెప్పమంటుంది, రేపు మనసు మారితే తిప్పేయొచ్చు. తీసేయడం మరీ సుఖం. మేం ఏ మోడ్ ఏయే ఫైళ్లు పడేసిందో నోట్‌బుక్కులో రాసుకునేవాళ్లం. వీడు ఒక టిక్కు తీసేస్తాడు. ఇందులో కుర్రాళ్లదే పైచేయి, ఒప్పుకోక తప్పదు. పాత స్కైరిమ్‌లోనే 255 ప్లగిన్ల దాకా పట్టేవి, అన్నిటినీ చేత్తో ఎవడు సర్దుతాడు?

కానీ ఎస్‌కేఎస్‌ఈ అనే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ దగ్గర దొరికిపోయాడు. దాని లోడరూ, డీఎల్‌ఎల్ ఫైలూ వెళ్లాల్సింది డేటా ఫోల్డర్‌లోకి కాదు, ఆట ఎక్స్ఈ ఫైలు పక్కకి. వీడు దాన్నీ మిగతా మోడ్స్‌లాగే మేనేజర్‌కి ఇచ్చేసి, ఎందుకు పనిచేయడం లేదని సాయంత్రమంతా జుట్టు పీక్కున్నాడు. పైగా అది ఆట వెర్షన్‌కి సరిగ్గా సరిపోవాలి. 2021 నవంబర్‌లో యానివర్సరీ అప్‌డేట్ వచ్చినప్పుడు దాని మీద ఆధారపడిన మోడ్స్ కుప్పకూలింది అందుకే. ఆట తనంతట తాను అప్‌డేట్ కాకుండా చూసుకోరా అంటే, ఆ సెట్టింగ్ ఎక్కడుంటుంది మామయ్యా అని నన్నే అడుగుతాడు.

అందుకే వాడికి ఒకటే చెప్పాను. వందల మోడ్స్‌కి మేనేజరే పెట్టుకో, వద్దనను. కానీ మొదటి నాలుగూ చేత్తో వెయ్యి. జిప్ విప్పు, లోపల మెషెస్, టెక్స్చర్స్ ఫోల్డర్లున్నాయా, ఈఎస్‌పీ అనే ప్లగిన్ ఫైలు ఉందా చూడు, ఏది ఎక్కడికి పోతుందో కళ్లతో చూసి పెట్టు. సరే మామయ్యా అన్నాడు. మర్నాడు ఓ స్క్రీన్‌షాట్ పంపాడు. జిప్ విప్పకుండా అలాగే తీసుకెళ్లి డేటా ఫోల్డర్‌లో పెట్టాడు.