దుబాసి లేని మోడెము

పదకొండు దినములు నా పాత ల్యాప్‌టాపునందలి పరికరముల పట్టికలో, మోడెము అను పేరు ప్రక్కన, వడ్డీ వసూలునకు వచ్చి అరుగు దిగని సాహుకారివలె కూర్చుండి నన్నే చూచుచుండిన ఆ పసుపుపచ్చని ప్రశ్నార్థకమును గూర్చి తప్ప నేడు మరి దేనిని గూర్చియు వ్రాయజాలను. విండోస్ ఎక్స్‌పీని చెరిపి మరల ఎక్కించినవాడను నేనే. కనుక ఎవరిని తిట్టుటకును వీలు లేదు. మోడెము పలుకవలెనన్న డ్రైవరు కావలెను. డ్రైవరు అంతర్జాలమున నున్నది. అంతర్జాలమునకు పోవుటకు మోడెము కావలెను. ఏడు చేపల కథలోనైన చివరకు చీమ దొరకును. నాకు చీమయు దొరకలేదు.

పూర్వపు మోడెము తన లెక్కలు తానే చేసికొనెడిది. 1998లో 56 కిలోబిట్ల వి.90 ప్రమాణము వచ్చిన కాలమునకు, ఆ లెక్కలు చేయు చిప్పును తీసివేసి, చాకిరి యంతయు ల్యాప్‌టాపు ప్రాసెసరు నెత్తిన పెట్టి ఖర్చు తగ్గించుకొను విద్య తయారీదారులకు అలవడెను. ఆ చాకిరి ఎట్లు చేయవలెనో చెప్పు డ్రైవరు పోయెనా, మిగులునది టెలిఫోను తీగ దూర్చు కన్నము మాత్రమే! పైగా తయారీదారుని తెలుపు సంఖ్య ఒకటి, పరికరమును తెలుపు సంఖ్య ఒకటి, గోత్రప్రవరలవలె రెండున్నవి. పెండ్లికి గోత్రము కలియరాదు, డ్రైవరునకు కలియవలెను.

మదనపల్లె మరమ్మతు కొట్టులోని కుర్రవాడు దానిని తెరిచి చూడకయే, "ఎక్స్‌పీకి 2014లోనే సపోర్ట్ ఆపేసినారు సార్, ఇంగ యాడ దొరుకుతాది? టమోటా బాక్సులో ఏసి మార్కెట్‌కు పంపించేయండి" అనెను. 1919లో రవీంద్రుడు ఈ యూరి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి తన జనగణమనను తానే ఆంగ్లమునకు మార్చెను. అట్టి యూరిలో మోడెము మాటను విండోసునకు చెప్పగల దుబాసి యొక్కడును లేకపోయెను!

పుంగనూరులో నా సహోపాధ్యాయు డొకడు ట్రంకుపెట్టె నిండ పాత సీడీలు దాచినాడని విని పోతిని. అతడు సీడీలు చూపుటకు ముందు ఆవును చూపెను. చూచిన పిమ్మట సీడీలను ఎవడు తలచును? మీటరు ఎత్తయినను లేని ఆ పుంగనూరు ఆవు, గుమ్మము దాటి వచ్చి, నా చేతిసంచిని పరీక్షించి, అందు గ్రాసము లేదని తెలిసికొని, ఆశాభంగము నొందిన ఇనస్పెక్టరువలె నిట్టూర్చెను. ఇచ్చునవి కొద్ది పాలే గాని, అందు వెన్న ఎనిమిది శాతమట. మామూలు ఆవు పాలలో మూడు నాలుగు శాతమే. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన నివాసమున ఈ జాతి ఆవులకు మేత పెట్టిన చిత్రములు దేశమంతయు చూచెను. ఆనాటినుండి తన ఆవు నడకలో ఠీవి హెచ్చినదని మిత్రుని వాదము. ఒకప్పుడు అంతరించుచుండిన ఈ జాతిని నిలుపుటకు పలమనేరులో పరిశోధన కేంద్రమున్నదనియు, దూడ పుట్టినచో తల్లిదండ్రుల వివరములు వ్రాసిపెట్టుదురనియు అతడు రెండు గంటలు చెప్పెను. పొట్టివి, పాతవి, తక్కువ తినునవి, అయినను నిలుపదగినవి అని ఆవులను గూర్చి ఒప్పుకొను లోకము, అవే లక్షణములు గల నా ల్యాప్‌టాపును టమోటాబాక్సులో వేయుమనుట ఏమి న్యాయము? సీడీలలో గోత్రము కలిసెను, ప్రవర కలియలేదు.

కుప్పమే శరణ్యమైనది. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ ప్రభుత్వముతో కూడి ఐ-కమ్యూనిటీ అను పథకము నారంభించి పల్లెలలో సమాచార కేంద్రములు పెట్టినది అచ్చటనే. అంత సంరంభము జరిగిన చోట పాత సీడీ ఒక్కటైన మిగులదా యని నా ఊహ. మూడు రాష్ట్రములు కలియు ఆ సీమలో టీకొట్టువాడు తమిళమున అడిగినవానికి తెలుగున చెప్పి, కన్నడమున చిల్లర లెక్కించుచుండెను. ఇరువది యేండ్లుగా ఒకే పెట్టెలో కాపురమున్న మోడెము, ప్రాసెసరు మాత్రము మధ్యవర్తి లేనిదే పలుకరించుకొనవు! మూతపడిన యొక కంప్యూటరు శిక్షణాలయపు బీరువాలో సీడీ దొరకెను. ఇంటికి వచ్చి ఎక్కించితిని. ప్రశ్నార్థకము తొలగెను.

మోడెము డయలు చేసెను. డయల్ టోన్ లేదనెను. ఉండదు. ల్యాండ్‌లైను నేనే నాలుగేండ్ల క్రిందట సరెండరు చేసితిని. మరి ఈ మోడెము ఎందులకని ఇల్లాలు మొదటినాడే అడిగెను. నేను విననట్లు నటించితిని.

ఆ రాత్రి బెంగళూరునుండి మనుమడు ఫోను చేయగా, ఈ యాత్రనంతయు, ముప్పదియైదేండ్లు బడిలో చెప్పిన భాషలో, అరగంట వర్ణించితిని. వాడు ఓపికగా విని, "అమ్మా, తాత ఏమంటున్నాడు?" అనెను. కోడలు క్షణము ఆలోచించి, "కంప్యూటర్ బాగైందంటరా" అని చెప్పెను. మూడూళ్ల ప్రయాణము రెండు మాటలలో ముగిసెను. తప్పు చెప్పలేదు. ఆమెయు ఆ గదిలో లేని దినమున నేనేమి చెప్పుదునో, ఎవరికి చెప్పుదునో అని తలచుచు ల్యాప్‌టాపు మూసితిని.